తడి గోనెలో డప్పు

షేర్ ఆటో తమ ఇంటి ముందే ఆగేసరికి నవ్య చేతిలో కత్తెర ఆగిపోయింది. అప్పటిదాకా అమ్మ పక్కన కూర్చుని బీడీ ఆకులు కత్తిరిస్తోంది. ఆటోలోంచి ముందు ఒక డప్పు బయటికి వచ్చింది. దాని వెనక ఆ డప్పు పట్టుకున్న పెద్దమనిషి దిగాడు. తర్వాత ఒక అన్న, ఒక అక్క దిగారు.

"అమ్మా, పాటలోళ్ళు అచ్చిండ్రు!" అని నవ్య ఒక్క గెంతు గెంతింది. ఒళ్ళో ఉన్న ఆకులన్నీ కింద పడ్డాయి.

వాళ్ళు సిరిసిల్ల నుంచి వచ్చి ఊరూరా పాడే బృందం. ఆ సాయంత్రం ఊళ్ళో పాడి, రాత్రికి ఉండి, తెల్లారి కోరుట్లకు పోవాలి. వాళ్ళకు బస ఇస్తామన్న ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చి అందరూ ఆస్పత్రికి పోయారు. ఆ సంగతి తెలిసి అమ్మ ప్రేమలత, "మా ఇంటికి తోలుండ్రి" అని పొద్దున్నే కబురు చేసింది.

నానమ్మ లింగవ్వకు మాత్రం అది నచ్చలేదు. "ఉన్నయే రెండర్రలు. గీళ్ళను యాడ పండవెడ్తవే?" అని వంటింట్లో గొణిగింది.

"మీ కొడుకు మస్కట్ల ఒక్క రూముల పన్నెండు మందితోని పంటుండు అత్తమ్మా. మనకు ముగ్గురు బరువా?" అంది అమ్మ.

నానమ్మ గొణుగుడు ఆపి సర్వపిండి చేయడానికి బియ్యప్పిండి డబ్బా దించింది. నవ్య వాళ్ళ నాన్న దివాకర్ మస్కట్ పోయి మూడేళ్ళు దాటింది. ఆ ఇంట్లో ఆయన పేరు ఎత్తితే ఎవరి నోరైనా మూతపడుతుంది.

ఇక మన నవ్య సంగతి. ఐదో తరగతి. చురుకైన పిల్ల. "గా పొల్లకు పని నేర్పుడు అక్కర లేదు, సూస్తె సాలు" అని వాడకట్టంతా మెచ్చుకునేది. ఆ మెచ్చుకోళ్ళు విని విని పిల్లకు ఒక తిక్క అలవాటైంది. ఎవరినీ ఏదీ అడిగేది కాదు. అడిగితే తనకు తెలియదని అనుకుంటారు కదా! బడిలో లెక్క ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంగిరెద్దులా తల ఊపేది. ఆ తర్వాత చూసుకోండి, పరీక్షలో తిప్పలు.

చాయ్ తాగుతూ బృందం వాళ్ళు తమ గురించి చెప్పుకున్నారు. హరీశ్ అన్న పాటలు కడతాడు, బృందానికి పెద్ద. భాగ్యశ్రీ అక్క పాడుతుంది. డప్పు కొట్టే ఆయన పేరు ఆనందం. నెల కిందటే బృందంలో చేరాడు.

"సిరిసిల్లల సాంచాలు నడిపేటోన్ని బిడ్డా. సాంచాలంటే బట్ట నేసే మిషన్లు" అన్నాడాయన నవ్యతో. "నడుమ బొంబాయి దిక్కు భీవండి వోయిన, మళ్ళ అచ్చిన. ఇప్పుడు మా సేటు సాంచాలు బంద్ వెట్టిండు. ఎన్నేండ్లు గా సప్పుడుల బతికిన! అది ఆగినంక నిద్ర వట్టకపోయేది. గీ డప్పు వట్టినంకనే పాణం నిమ్మలమైంది."

నవ్య ఆ డప్పును కళ్ళార్పకుండా చూసింది. ఇంత చిన్న వస్తువు అంత పెద్ద మనిషికి నిద్ర తెచ్చిందా అని ఆశ్చర్యపోయింది.

పొద్దు గూకుతుండగా పంచాయతీ ఆఫీసు ముందు జనం చేరారు. ఆనందం గడ్డి మంట పెట్టి, డప్పును ఆ మంటకు చూపించి కాచాడు. నవ్య ఒక అడుగు ముందుకు వేసింది. అయ్యో, తోలు కదా అది! కాలదా? ఎండి పగలదా? ఎవరినైనా అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ పక్కనే తన క్లాసు పిల్లలున్నారు. నోరు మూసుకుంది.

అంతలో డప్పు మోగింది. అబ్బ, ఏం మోత! కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. చంకలో నిద్రపోతున్న పసిపిల్లలు కూడా లేచి కూర్చున్నారు. భాగ్యశ్రీ గొంతు ఎత్తితే డప్పు తగ్గేది. ఆమె ఊపిరి తీసుకునేలోపు డప్పు అందుకునేది. దుబాయ్ నుంచి చాలా ఏళ్ళకు వచ్చిన తండ్రిని చూసి, సొంత బిడ్డే "అంకుల్, ఎవలు కావాలె?" అని అడిగిన పాట పాడారు. పిల్లలు ముందు కిసుక్కున నవ్వారు. నవ్య కూడా నవ్వింది. తిరిగి చూస్తే అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నవ్య నవ్వు ఆగిపోయింది. ఎవరూ చెప్పుకోని బాధను నలుగురిలో ఇంత అందంగా చెప్పే మనుషులు కూడా ఉంటారని ఆ పిల్లకు ఆ రోజే తెలిసింది. వాళ్ళకు ఏమైనా మేలు చేయాలని గట్టిగా అనిపించింది.

ఆ మేలు చేసే దారి భోజనాలయ్యాక దొరికింది. ఆనందం డప్పును ముందరి గదిలో మేకుకు తగిలించి, హరీశ్‌తో పాటు బయట వరండాలో పడుకున్నాడు. అమ్మ మర్నాటి పనికి తునికాకు మీద నీళ్ళు చల్లి, తడి గోనెలో చుట్టి మూలకు పెట్టింది. బీడీలు చేసే ఇళ్ళల్లో రోజూ జరిగే పనే అది. ఎండిన ఆకు పగులుతుంది. తడి గోనెలో ఉన్న ఆకు తెల్లారేసరికి పట్టులా మెత్తబడుతుంది.

ఆకు పగిలితే తోలు పగలదా? పాపం, అంత మంటకు కాగిన డప్పు ఎంత ఎండిపోయి ఉంటుందో! నవ్య లెక్క తేలిపోయింది. అమ్మ అటు తిరగ్గానే మేకు మీది డప్పు దించింది. ఆకులు చుట్టే ఇంకో గోనె తడిపి, డప్పును పసిబిడ్డను చుట్టినట్టు చుట్టింది. తెల్లారి అందరూ తనను మెచ్చుకుంటారని నవ్వుకుంటూ నిద్రపోయింది.

అందరికంటే ముందే లేచి గోనె విప్పింది. మెత్తబడింది. అవును, నిజంగానే మెత్తబడింది. తోలు నడుమకు జారి వేలాడుతోంది. ఒకవైపు చెక్క నుంచి జానెడు ఊడి వచ్చింది. వేలితో కొట్టి చూస్తే దిండు మీద కొట్టినట్టు వినిపించింది. నవ్య గోనెను ఆకుల కింద దాచి, డప్పును మళ్ళీ మేకుకు తగిలించింది.

ఆ తర్వాత జరిగినదంతా తలుపు చాటు నుంచే చూసింది.

"గిదేందన్నా?" హరీశ్ డప్పు చేతిలోకి తీసుకుని గట్టిగానే అన్నాడు. "కోరుట్లల అంత మంది ముంగట ఇప్పుడేం కొట్టాలె?"

ఆనందం డప్పును ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "చింతగింజల అంబలితోని అంటించిన తోలు తమ్మీ. తడి తగిలితె ఊడ్తది" అన్నాడు మెల్లగా.

"తడి గోడకు ఎందుకు తగిలించినవ్? పక్కన వెట్టుకొని పండాలె గద! పోయిన వారం కంచు తాళాలు ఆటోల మర్సిపోతివి. ఇప్పుడు గిది. ఇట్లయితె ఎట్లన్నా? నువ్వు కొన్నొద్దులు ఇంటికాడనే ఉండు."

"సరే తమ్మీ. కోరుట్లల సిరిసిల్ల బస్సు ఎక్కుత" అన్నాడు ఆనందం.

అమ్మ తల వంచుకుంది. "తప్పు మాదే అన్నా. వానకు మా గోడలు చెమ్మగుంటయి. మాకు సోయి లేకపాయె" అంది.

తాను చేసిన పనికి ఒకరు తిట్లు తింటున్నారు, ఒకరు తల వంచుకుంటున్నారు. చెప్పాలని నవ్య గడప దాకా వచ్చింది. మళ్ళీ తలుపు చాటుకే పోయింది.

ఆ రోజు కోరుట్లలో గల్ఫ్‌కు పోయినవాళ్ళ కుటుంబాల మీటింగు. ఆదివారమే కాబట్టి అమ్మ నవ్యను కూడా వెంట తీసుకుపోయింది. బస్టాండు పక్కన టెంటు వేశారు. మీటింగు బృందం పాటతోనే మొదలవ్వాలి. హరీశ్, భాగ్యశ్రీ టెంటులోకి పోయారు. ఆనందం సంచీ భుజానికి వేసుకుని, ఊడిన డప్పును చంకలో పెట్టుకుని సిరిసిల్ల బస్సు వైపు నడిచాడు. డప్పును ఎవరితోనైనా బాగు చేయించి పంపుతానని ఆయనే అడిగి తీసుకున్నాడు.

నవ్య ఆయన వీపు వైపు చూసింది. ఇంటికి పోతే ఆయనకు అక్కడ ఏముంది? సాంచాలు మోగవు, డప్పూ మోగదు. ఆయనకు మళ్ళీ నిద్ర పట్టదు. ఆ ఆలోచన రాగానే నవ్య కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి.

బస్సెక్కి, సీటు పక్కన నిలబడి రొప్పుతూ చెప్పింది. "కాకా! డప్పును నేనే తడిపిన. గోడ గాదు. తడి గోనెల చుట్టిన. ఎండి పగుల్తదనుకున్న."

ఆనందం ఆశ్చర్యపోలేదు. "నాకెరికే బిడ్డా" అన్నాడు. "తోలు తునికాకు వాసన అచ్చింది. గోడకు గా వాసన ఉంటదా? తలుపు చాటుకు నీ మొకం గూడ సూసిన."

"మరి హరీశ్ అన్నకు ఎందుకు చెప్పలే?"

"అన్నం పెట్టిన ఇంటి పిల్లను నలుగుట్ల నిలవెడ్తరా? నువ్వు మేలు చెయ్యవోయినవ్, నాకు సమజైంది. పో, మీ అమ్మ దేవులాడ్తది."

నవ్య అక్కడే నిలబడింది. ఆయనకు చెప్తే బరువు దిగుతుందనుకుంది. బరువు రెండింతలైంది. ఇంత మంచి మనిషి ఇంటికి పోతుంటే తాను టెంటులో కూర్చుని పాట వినాలా?

"డ్రైవర్ తాతా, జర ఆగు! రెండే రెండు నిమిషాలు!" అని అరిచి బస్సులోంచి దూకింది. టెంటులోకి ఉరికి, కుర్చీల నడుమ నుంచి దూరి, స్టేజీ మీదికే ఎక్కింది. హరీశ్ చేతిలో మైకు పెట్టుకుని "హలో, హలో" అని చూసుకుంటున్నాడు.

"హరీశన్నా! డప్పు తడిపింది నేను. ఆనందం కాక తప్పేం లేదు!"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట టెంటంతా వినిపించింది. బస్టాండులో పల్లీలు అమ్మే ఆమెకూ వినిపించింది. ముందు వరసలో అమ్మ చటుక్కున లేచి నిలబడింది. నవ్య ముఖం మిరపపండులా ఎర్రబడింది. పారిపోవాలని ఎంతో అనిపించింది. కానీ కదలలేదు.

"ఆయన గోడకు మంచిగనే తగిలించిండు. నేను ఎవ్వలనూ అడగకుంట తీసిన. తడి గోనెల చుట్టిన. పొద్దుగాల దాచిపెట్టిన. మీరు తిడుతుంటె తలుపు చాటుకు నిలవడ్డ." మాటలతో పాటు కన్నీళ్ళు కూడా వచ్చేశాయి.

హరీశ్ ఆ పిల్ల ముఖం చూశాడు, బస్సు వైపు చూశాడు. మైకు భాగ్యశ్రీ చేతిలో పెట్టి స్టేజీ మీది నుంచి దూకాడు. బస్సు కిటికీ పట్టుకుని, "అన్నా, దిగు. అడగకుంట అరిసిన, నాదే తప్పు. దిగన్నా" అన్నాడు.

"డప్పు లేకుంట నేనెందుకు తమ్మీ?"

"చేతులున్నయి గదా! ఏదో ఒకటి కొడుదువు గని, దిగు."

డ్రైవరు నవ్వి ఇంజను ఆపాడు. పక్క హోటలాయన ఖాళీ నూనె డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆనందం దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో నాలుగు దెబ్బలు వేశాడో లేదో, టెంటులో చప్పట్లు మొదలయ్యాయి. భాగ్యశ్రీ గొంతు ఎత్తింది. రేకు డబ్బా ఆమె వెంట నడిచింది. పనితనం ఉన్నవాడి చేతిలో పడితే నూనె డబ్బాకు కూడా ప్రాణం వస్తుందా అని నవ్య నోరు తెరుచుకుని చూసింది.

అమ్మ ఏమీ తిట్టలేదు. నవ్యను దగ్గరికి లాక్కుని కళ్ళు తుడిచింది. "ఇంటికి వోయినంక మాట్లాడుదాం" అని మాత్రం అంది. ఆ మాటకు నవ్య కొంచెం భయపడింది, కానీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

పాటలయ్యాక ఆనందం సంచీ సర్దుకుంటున్నాడు. ఊడిన డప్పు కుర్చీ మీద ఉంది. అది జారి కింద పడేలా ఉంది. నవ్య చెయ్యి దాని మీదికి చటుక్కున పోయింది. సగం దారిలో ఆగింది.

"కాకా, ముట్టుకోవచ్చునా?"

ఆనందం తలెత్తి చూశాడు. నవ్వాడు. డప్పు తీసి రెండు చేతులతో ఆ పిల్ల ముందుకు చాపాడు.

చుట్టూ చాలా మంది చూస్తున్నారు. వాళ్ళలో తన క్లాసు పిల్లలు కూడా ఇద్దరున్నారు. అయినా నవ్య అందరికీ వినబడేలా అడిగింది.

"నాకు తెల్వది కాకా. ఎట్ల పట్టుకోవాలె?"