వచ్చిందా?

దయ్యాలంటే నాకు భయం లేకుండె. మొఘల్‌పురాల బ్యాటరీలు, ఇన్వర్టర్లు రిపేర్ చేసే దుకాణం నాది. పాత ఇండ్ల మెట్ల కింద, గాలి సొరని అర్రలల్ల, ఎలుకలు కొరికిన వైర్ల నడుమ చేతులు పెట్టి బతికేటోన్ని. ఎవలన్న గొంతు తగ్గించి "మురళీ, ఆ ఇంట్ల ఏదో ఉన్నదంటరు" అంటే, ఉంటే ఉండనీ, నా వైరు ముట్టకుంటె సాలు అని నవ్వేటోన్ని. నా పెండ్లాం అమల నా నోటికి తాళం లేదని తిడుతుండె. తిట్టనీ అనుకునేటోన్ని. ఇప్పుడు ఆమె తిట్టకున్నా నా నోరు నేనే మూసుకుంటున్న.

ఆ దినం పొద్దటి సంది ముసురు. పగటాల అన్నం తిని దుకాణంల కూసున్ననో లేదో ప్రకాశం అన్న ఫోన్ చేసిండు. సర్కారు కంపెనీల ఫిట్టర్ పని చేసి రిటైరైన మనిషి. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటినంక లోపలి గల్లీల ఇల్లు. వాళ్ళింట్ల ఇన్వర్టర్ నేనే చూస్త. గొంతు లేపి మాట్లాడిన మనిషి కాదు, ఎన్నడూ.

"కారవాన్‌ల టీవీ బందైంది మురళీ. జర వచ్చిపో. మీ వదినె అన్నం ముడుతలేదు" అన్నడు.

టీవీకి, అన్నానికి ఏం సంబంధమని ఇంకొకరైతే అడుగుదురు. నాకు తెలుసు కాబట్టి నేను అడగలే. ప్రకాశం అన్నకు, కళావతి వదినెకు ఒక్కతే బిడ్డ, షారోన్. రక్తం జబ్బొచ్చి మంచం పట్టింది. ఆ పిల్ల ఇంకేం అడగలే, సముద్రం సూడాలె అన్నది. అన్న ఒక పాత టెంపో కొని, సీట్లన్ని పీకించి, లోపల మంచం, చిన్న పొయ్యి, మంచం ఎదురుంగ గోడకు టీవీ పెట్టించిండు. పండుకొనే పోవచ్చు, పండుకొనే సూడొచ్చు అని. ఆ టెంపోనే ఈ కారవాన్. సముద్రం ఇంకా రాకముందే, తోవల, ఆ మంచం మీదనే పిల్ల పాణం పోయింది.

అప్పటి సంది వదినె ఇంట్ల ఉండది. బండిలనే కూసుంటది. పెన్‌డ్రైవ్‌ల షారోన్ వీడియోలు పెట్టుకుంటది. చర్చిల పాడింది, స్నేహితులతోని నవ్వింది, కేకు కోసింది. బిడ్డ తెర మీద కనవడితేనే ఒక ముద్ద మింగుతది. తెర బందైతే ముద్ద బంద్. ప్రకాశం అన్నకు బిడ్డ ఎట్లాగూ దక్కలే. మిగిలింది పెండ్లాం ఒక్కతే. ఆమె నోట్లెకు నాలుగు మెతుకులు పోవాలె, గంతే ఆయన కోరిక.

నేను పోయేసరికి పగలే చీకటి పడ్డట్టున్నది. ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డు కింద కారవాన్. పక్క గోడ అవతల బీరయ్య బర్ల కొట్టం. తడిసిన గడ్డి వాసన, పేడ వాసన, రేకుల మీద వాన సప్పుడు. బర్లు నెమరేసుకుంట గొలుసులు కదిలిస్తున్నయి. అన్న గొడుగు పట్టుకొని నా కోసమే నిలవడ్డడు. గడ్డం మాసింది, కండ్లు లోపలికి పోయినయి. 

లోపలికెక్కిన. ఫినాయిల్ వాసన, దాని కింద పాత మందుల వాసన. వదినె మంచం మీద కూసోలే. పక్కకు చిన్న స్టూలు మీద కూసున్నది. ఒళ్ళో పల్లెం, పల్లెంల ఎండిన అన్నం. మంచం మీద దుప్పటి ముడత లేకుంట పరిచి ఉన్నది. నన్ను సూసి బాగున్నవా అని గూడ అనలే. నల్లటి తెర దిక్కే సూసుకుంట, జల్ది చెయ్యి మురళీ అన్నది.

రిమోట్ నొక్కిన. ఎర్రలైటు వచ్చింది, తెర నీలంగ మెరిసింది, మంచం కింద ఇన్వర్టర్ కుయ్యిమన్నది. అంతల్నే అన్నీ పోయినయి. మళ్ళ నొక్కిన, మళ్ళ గదే కథ. మీటర్ పెడితే బ్యాటరీ మంచిగనే సూపిస్తున్నది. టీవీ వేయంగనే జారిపోతున్నది. కూసున్నప్పుడు పైల్వాన్, లేస్తే కాళ్ళు వణుకుడు. ఇసొంటి కేసుల్ల సగం సార్లు బ్యాటరీ తప్పు ఉండది, ఏడనో వైరు లూజుంటది, లేకుంటే తుప్పు ఉంటది. ఈ వైరింగు చేసినోడెవడో గని, వానికి వైరుకూ సుతిలి తాడుకూ ఫరక్ తెల్వదని కడుపుల తిట్టుకున్న.

బ్యాటరీ బండి వెనక, బయటి నుంచి తెరిచే డబ్బాల ఉన్నది. అన్నను గొడుగు పట్టమని నేను అక్కడ ముడుచుకొని కూసున్న. వదినెను టీవీ కాడ ఉండమన్న. మా పనిల ఇదే తరీకా. బయటోడు వైరు కదిలిస్తడు, "వచ్చిందా?" అంటడు. లోపలోళ్ళు వచ్చింది అనో, రాలే అనో అంటరు. పట్నంల ఏ గల్లీకి పోయినా ఇదే మాట. దీనికి వేరే మాట ఉంటదని గూడ మాకు తెల్వదు.

మొదటి వైరు బిగించిన. "వచ్చిందా?" అని అరిచిన.

 లోపల నుంచి మెల్లగ, రాలే అన్నది వదినె.

ఇంకో వైరు తీసి పెట్టిన. మళ్ళ అడిగిన.

"రాలే… ఇంకా రాలే" అన్నది. ఈసారి గొంతుల ఏడుపున్నది.

ప్రకాశం అన్న నా భుజం గట్టిగ పట్టుకున్నడు. "మురళీ, గా మాట అడగకు" అని చెవిల చెప్పిండు. షారోన్ కాలేజీకి పోయే రోజులల్ల, పొద్దుమీకంగ వదినె వంటింట్లకెళ్ళి రోజు అడిగేదట, బిడ్డ వచ్చిందా అని. పిల్లను మన్నుల పెట్టినంక గూడ చీకటి పడితే సాలు అదే అడుగుతదట. రాత్రి లేసి అడుగుతదట. రాలే అని తనకు తనే చెప్పుకొని పండుకుంటదట. చర్చి అయ్యగారు గూడ ఆ మాట ఈ ఇంట్ల తియ్యొద్దన్నడట. "వెలిగిందా అను, ఇంకేమన్న అను. వచ్చిందా అని మటుకు అనకు" అన్నడు.

నాకు పాణం చివుక్కుమన్నది. తప్పైంది అన్నా, తెల్వలే అన్న. ఇగ నోరు దగ్గర పెట్టుకొనే పని చేసిన.

రోగం ఆఖరికి దొరికింది. నెగెటివ్ వైరును బండి అడుగు ఇనుముకు బిగించిన బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగ లేసింది. షాక్ గీక్ కాకుండ పాజిటివ్ వైరు ఊడదీసి పక్కకు ఏలాడదీసిన. గరుకు కాయితంతోని బోల్టు మెరిసేదాక రుద్దిన. పాన పెట్టి బిగించిన. పని దొరికిన సంతోషం ఉంటది సూడు, అది మనిషిని గుడ్డోన్ని చేస్తది. ఎవరింట్ల ఉన్ననో, ఏం చెప్పిన్రో అన్నీ మర్సిపోయిన. ఏండ్ల అలవాటు, నాలిక దాని పని అది చేసేసింది.

"వచ్చిందా?" అని గట్టిగ అరిచిన.

"వచ్చింది."

అది వదినె గొంతు కాదు.

చిన్న గొంతు. జలుబు చేసినట్టు, పండుకొని లేసినట్టు బొంగురుగ ఉన్నది. అన్న చేతుల గొడుగు కింద పడ్డది. గోడ అవతల గొలుసుల సప్పుడు ఆగింది. ఒక్క బర్రె గూడ కదుల్తలేదు. వెనక అద్దం కర్టెన్ మీద నీలం వెలుతురు ఆడుతున్నది.

టీవీ నడుస్తున్నది, అది వీడియోల గొంతు, గంతే అనుకున్న. ఎందుకు నడువది, రిపేర్ చేసింది నేనే కదా. లోపల వదినె ఏడుసుకుంట నవ్వుతున్నది. "వచ్చింది మురళీ… వచ్చింది…" అంటున్నది. హమ్మయ్య, ఇగ ముద్ద తింటది అనుకొని డబ్బా మూద్దామని కిందికి సూసిన.

పాజిటివ్ వైరు ఏలాడుతనే ఉన్నది.

నేను పెట్టనే లేదు.

 రెండో వైరు గూడ ఊడపీకిన. బ్యాటరీని ఎత్తి డబ్బాల నుంచి తీసి నేల మీద పెట్టిన. అంత బరువు ఎట్ల లేపిన్నో నాకే తెల్వదు. వెలుతురు తగ్గలే. లోపల పల్లెంల చెంచా తగిలిన సప్పుడు. ఎవరో ఎవరికో తినిపిస్తున్నరు. మందుల వాసన బయటిదాక వస్తున్నది…

అప్పుడు లోపల నుంచి అడిగింది ఆ గొంతు.

"వచ్చిండా?"

వదినె జవాబు చెప్పింది. "రాలే బిడ్డా. బయటనే ఉన్నడు."

అచ్చం మా పనిల లెక్కనే. ఒకలు అడుగుడు, ఒకలు చెప్పుడు.  మళ్ళ అడిగింది. ఈసారి గొంతు మంచం కాడి నుంచి కాదు. తలుపు వెనక నుంచి.

"వచ్చిండా?"

నేను అన్న చెయ్యి పట్టుకున్న. "అన్నా, వద్దు… జవాబియ్యకు" అన్న. 

ఆయన నా దిక్కు సూసిండు. భయపడతడనుకున్న. ఆయన కండ్లల్ల భయం లేదు, మస్తు అలసట ఉన్నది. "కళావతి లోపలున్నది మురళీ. ఒక్కదాన్ని ఎట్ల ఇడుస్త?" అన్నడు. నా చేతి ఏళ్ళు ఒక్కొక్కటి ఇడిపించుకున్నడు. వానల తడుసుకుంట తలుపు కాడికి పోయిండు.

"వచ్చిన బిడ్డా" అన్నడు.

తలుపు మెల్లగ జరిగింది. ఆయన ఎక్కిండు. తలుపు మెల్లగ మూసుకున్నది.

తర్వాత బండి స్టార్టైంది. ఇంజను బ్యాటరీ వేరే ఉంటది, అందుల వింత లేదు. నేను పక్కకు దుంకిన. నా ముంగటికెళ్ళే పోయిన్రు. ఆయన స్టీరింగ్ కాడ, ఆమె పక్క సీట్ల. ఇద్దరూ ముంగటికే సూస్తున్నరు. వెనక మంచం దిక్కు కర్టెన్ మీద ఆ నీలం వెలుతురు ఉన్నది. గల్లీ మలుపు తిరిగేదాక సూసుకుంట నిలవడ్డ.

సప్పుడుకు బీరయ్య గోడ మీదికెళ్ళి తొంగిసూసి, గీ వానల వీళ్ళు ఏడికి పోయిన్రని అడిగిండు. సముద్రానికి కావొచ్చు అన్న. ఆ మాట నా నోట్లెకు ఎట్ల వచ్చిందో తెల్వదు. ఆ బ్యాటరీని అక్కడ ఇడువబుద్ధి కాక దుకాణానికి తెచ్చిన. మూలకు పెట్టి మీద గోనె కప్పిన.

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఠాణాల చెప్పిన, మొగుడు పెండ్లాలు సొంత బండ్ల పోతే కేసు ఏందని పంపించిన్రు. చర్చి అయ్యగారికి చెప్పిన. ఆయన ఇన్నడు, ఇని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండు.  అన్న కోసం నేను దుకాణంల ఒక్కన్నే ఏడ్సిన దినాలున్నయి.

నిన్న పొద్దుగాల షట్టర్ లేపుతుంటె ఫోన్ వచ్చింది. ప్రకాశం అన్న పేరు. ఎత్తంగనే హోరు. అలల సప్పుడో, గాలి సప్పుడో.

"మురళీ… బంద్ ఎట్ల చేసుడు?"

గుసగుస. పక్కన ఎవలో పండుకున్నట్టు మాట్లాడుతున్నడు. ఏడ ఉన్నరన్నా, వదినె ఎట్లున్నది, అన్నం తింటున్నదా అని ఒక్క తీరుగ అడిగిన.

"తింటనే ఉన్నది" అన్నడు. "వైర్లన్ని కోసిన మురళీ. తెర పలగ్గొట్టిన. అయినా వెలుగుతనే ఉన్నది. అది కూసోబెట్టి తినిపిస్తనే ఉన్నది… మీ వదినె తింటనే ఉన్నది…"

"మంచిదే కదన్నా" అన్న. ఏం అంటున్ననో నాకే తెలుస్తలేదు.

"బియ్యం ఎప్పుడో అయిపోయినయి మురళీ."

 షట్టర్ పట్టుకొని నిలవడ్డ. ఆ హోరు కింద ఇంకో సప్పుడు ఇనవడుతున్నది. మెల్లగ, నిమ్మళంగ, ఎవలో ఏదో గట్టిది నములుతున్నరు. కర్… కర్…

"మరి ఏం తినిపిస్తున్నదన్నా?"

  నమిలే సప్పుడు ఆగింది. దూరంకెళ్ళి ఆ బొంగురు గొంతు ఏదో అన్నది, నాకు తెలియలే.

"మురళీ…" అన్నడు అన్న. "నన్ను నోరు తెరువమంటున్నది."