అచ్చియమ్మగారి పటం

సదర్ బజార్‌లో మందుల దుకాణం మీదున్న డిటెక్టివ్ జ్యోతిర్మయి గదికి ఆండాళ్ వానలో తడిసి వచ్చింది. చేతిలో గొడుగున్నా ఆమె దాన్ని విప్పలేదని చిరంజీవి గమనించాడు. జ్యోతిర్మయి దగ్గర సహాయకుడిగా చేరాక అతనికి ఆ మాత్రం చూపు అలవడింది.

ఆండాళ్ మహిళా కళాశాల ప్రిన్సిపాల్. బిలాస్‌పూర్‌లోని రెండు పాత కళాశాలలను కలిపి ప్రభుత్వం విశ్వవిద్యాలయం చేస్తోంది. నిన్న ఆమె కళాశాల హాల్లో విలీన సంఘం సమావేశం ముగిశాక, గోడకు ఉండాల్సిన వ్యవస్థాపకురాలు అచ్చియమ్మగారి పటం కనబడలేదు. హాలు తాళాలు అటెండర్ పోలయ్య దగ్గర ఉంటాయి. అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తామంటున్నారు.

"అతను దొంగ కాదు. నా మాట ఎవరూ వినడం లేదు," అందామె.

ముగ్గురూ కళాశాలకు వెళ్ళారు. నిన్నటి నుంచి హాలు మూసే ఉంచారు. బురద బూట్ల జాడలు గోడ పక్కనున్న కుర్చీ దాకా వచ్చి ఆగాయి. కుర్చీ మీది సుద్దపొడిలో మాత్రం ఉత్త పాదాల ముద్రలు. పటానికి వేసిన దండ తెగకుండా బల్లమీద ఉంది. చిరంజీవి కుర్చీ ఎక్కి చెయ్యి చాపాడు. పటం తగిలించే మేకు అందలేదు.

రబ్బరు చెప్పుల పోలయ్య అతనికంటే పొట్టి.

"సమావేశంలో ఏటి తేల్చారు?" అని జ్యోతిర్మయి పోలయ్యని అడిగింది.

"పాత పటాలన్నీ స్టోరు గదిలో పడీమన్నారమ్మా. వానొస్తే ఆ గది కారతాది."

ఆ తీర్మానం మీద సంతకం సంఘం అధ్యక్షుడు రమణమూర్తిది. పురుషుల కళాశాల ప్రిన్సిపాల్, ఆరడుగుల మనిషి. జ్యోతిర్మయి పోలయ్య ఉద్యోగం మాటెత్తితే తన బూట్ల వంక చూసుకున్నాడు.

సాయంత్రం జ్యోతిర్మయి అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. పటం తీసింది పొడగరి అనీ, బూట్లు వేసుకున్నవాడనీ విడమరిచి చెప్పింది. దొంగైతే దండ తెంపి పారేసేవాడు, బూట్లతోనే కుర్చీ ఎక్కేవాడు. ఈయన పటాన్ని ముట్టుకునే ముందు బూట్లు విప్పాడు.

"ఎందుకో మీరే చెప్పండి, రమణమూర్తిగారూ."

ఇంగ్లీషు తప్ప మాట్లాడని ఆయన నోట ఇంటిభాష వచ్చింది.

"రైల్వే క్వార్టర్ అరుగు మీద నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. పదిమందీ ఒప్పుకున్నారని సంతకం పెట్టీసాను. ఆవిడ ఆ గదిలో తడిసిపోతాదంటే ఉండలేకపోయాను. పటం ఉస్లాపూర్‌లో మా ఇంట్లో ఉంది."

తీర్మానం వెనక్కి తీసుకుంటానన్నాడు. పటం ఈ గోడ మీదే ఉంటుందని ఆండాళ్ అంది. అప్పుడాయన లేచి పోలయ్య ముందు నిలబడ్డాడు. నేరం నీ మీద పడుతుందనుకోలేదు, పడ్డాక నోరు పెగల్లేదు, క్షమించమన్నాడు.

పోలయ్య బల్లమీది దండ చేతుల్లోకి తీసుకున్నాడు.

"అంత బరువు ఒక్కరే మోసుకెళ్ళారా బాబూ? పిలిస్తే నానూ ఓ చెయ్యేసీవోణ్ణి కదా."