విత్తనపు మూట

పాలు పొంగి గట్టు మీదుగా కారుతున్నా నాగజ్యోతి తల ఎత్తలేదు. పొయ్యి పక్కనే నోటుపుస్తకం పెట్టుకుని రాస్తోంది. నవల చివరి అధ్యాయానికి వచ్చింది. పది రోజులుగా కూరలో ఉప్పు వేసిందో లేదో, తను అన్నం తిన్నదో లేదో కూడా ఆమెకు గుర్తుండటం లేదు.

"విత్తనం మూట ఏది?" గదిలోంచి వచ్చిన అత్త రాఘవమ్మ పొయ్యి కట్టేస్తూ అడిగింది. "నిన్నే జ్యోతీ."

"నాకేం తెలుసు అత్తయ్యా? నేను ముట్టుకోలేదు."

ఆ మూటలో ఉన్నవి, విత్తనానికి మేలైన రెండో కోతలో చేనంతా తిరిగి, ఒక్కో కాయా చూసి రాఘవమ్మ ఏరిన మిరపకాయలు. ఊరంతా విత్తనాల ప్యాకెట్లు కొంటున్నా, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ నాటు రకాన్ని ఆమె నలభై ఏళ్ళుగా అరెకరంలో నిలబెట్టుకొస్తోంది. ఒక్క ఏడు విత్తనం తప్పితే ఇక ఆ రకం లేనట్టే.

ఇంటి వెనక కల్లంలో పదిమంది ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. రాఘవమ్మ నేరుగా వాళ్ళలో ఉన్న సర్దార్‌బీ ముందు నిలబడింది.

"నిన్న లోపలికి వెళ్ళింది నువ్వే గదే. మూట ఏం చేశావు?"

"నీళ్ళకి పోయాను, తాగి వచ్చాను పెద్దమ్మా."

"సంచి బోర్లించు."

సర్దార్‌బీ బోర్లించింది. అన్నం గిన్నె, మాత్రల అట్ట, సగం కొరికిన జామకాయ దుమ్ములో పడ్డాయి.

"ఇల్లు కూడా వెతుక్కుంటారా? ఇరవై ఏళ్ళు మీ కాయల ఘాటు మింగినందుకు బాగానే ఉంది," అని అన్నీ ఏరుకుని వెళ్ళిపోయింది.

"కోడలు ముట్టుకోలేదంటోంది, ఇది ముట్టుకోలేదంటోంది. మూటకి కాళ్ళొచ్చాయా?" అంది రాఘవమ్మ.

"ముట్టుకోలేదన్నానుగా అత్తయ్యా," అనేసి, వెనక గుమ్మంలో నిలబడ్డ నాగజ్యోతి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. నిన్న రాసిన పేజీ చదువుకోసాగింది. ముహూర్తం వేళ. పెళ్ళికూతురి తండ్రి కళ్ళు తుడుచుకుని అంటున్నాడు: "రెండు మూటలూ తీసుకుపో అయూబ్, తలుపు దగ్గరే ఉన్నాయి."

చేతివ్రాత తనదే. నవలలో అయూబ్ అనేవాడు లేడు. కారం మిల్లు ఆటో అతని పేరు అయూబ్. నిన్న కారానికి ఇవ్వాల్సింది ఒక్క మూటే. రాస్తూ రాస్తూ అతనితో తను నోటితో చెప్పిందే చేత్తో రాసేసింది.

వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"నిన్ననే ఆడించేశాను అక్కా," అన్నాడు అయూబ్. "రెండో మూట కాయ మహా బాగుంది. రంగు ఎంత దిగిందనుకున్నారు."

నాగజ్యోతి పుస్తకం పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళి, ఆ వాక్యం చదివి వినిపించింది.

"నీ రాతల్లో పెళ్ళిళ్ళవుతున్నాయి, నా ఇంట్లో విత్తనం చచ్చింది," అంది రాఘవమ్మ. "పైగా నా చేత ఒకదాని పరువు తీయించావు."

"చించేస్తాను అత్తయ్యా."

"చించితే మూట వస్తుందా? పద దాని ఇంటికి."

సర్దార్‌బీ గడప దిగలేదు. నాగజ్యోతి చెప్పిందంతా విని, "ఇక్కడ కాదమ్మా," అంది. "నా సంచి బోర్లించింది కల్లంలో."

ముగ్గురూ కల్లానికి నడిచారు. పదిమంది ముందు నాగజ్యోతి నిలబడింది. నవలలో మనుషుల చేత ఎన్నో మాటలు పలికించింది, ఇక్కడ తన మాట తనే చెప్పాలి. "మూట నేనే మిల్లుకిచ్చాను. ఇచ్చినట్టు గుర్తులేదు. అక్క మీద నింద పడుతుంటే కూడా ఒక్క క్షణం ఆలోచించుకోలేదు. తప్పు నాది," అంది. కన్నీళ్ళు ఆగలేదు.

"సంచి బోర్లించమన్నది నా నోరు," అంది రాఘవమ్మ. "తప్పు నాది కూడానే సర్దార్‌బీ."

సర్దార్‌బీ ఆమె వైపు తిరిగింది.

"మరి విత్తనానికి ఏం చేస్తారు?"

ఆ మాటకి రాఘవమ్మ కూలబడి ఏడ్చింది. పొద్దుటి నుంచి కోపంతో బిగబట్టిందంతా అప్పుడు కదిలింది.

"చివరి సాళ్ళలో ఇంకా కాయ ఉంది పెద్దమ్మా. లేవండి, ఏరుదాం."

"అది రెండో కోత కాయ కాదే."

"మొలిచినంత మొలుస్తుంది."

రాఘవమ్మ ముక్కు చీది లేచింది. నాలుగడుగులు వేసి కోడలి వైపు తిరిగింది.

"నువ్వూ రా. సంచి పట్టుకో. దారిలో ఎవరికీ ఇవ్వకు."