మీ ఎడమ పక్క సీటు

రాజుగారు విషం తాగి, సేనాపతి ఒడిలో తల పెట్టుకుని, కడసారి మాట చెప్పబోతున్నారు. పొద్దుటి నుంచి రిహార్సల్లో కుదరని సీను అప్పుడే కుదిరింది. డైరెక్టరు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

అంతలో స్టేజీ పక్క తెర కదిలింది. చేతిలో తెల్లకర్ర, చెవిలో ఇయర్‌ఫోను, భుజానికి ఆఫీసు బ్యాగుతో ఒక అమ్మాయి చకచకా నడిచి వచ్చింది. కర్రతో సింహాసనాన్ని తట్టి, చేత్తో తడిమి, హాయిగా కూర్చుంది.

"ఏమండీ, ఇది ఎఫ్ వరసేనా? సీటు మరీ ఇంత పెద్దగా ఉందేంటి?"

చచ్చిపోతున్న రాజుగారికే ముందు నవ్వొచ్చింది.

హాల్లో నవ్వనివాడు ఒక్కడే, మూల ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న వెబ్‌సైటబ్బాయి. ఈ నాటకాల హాలు మేనేజరుకు మేనల్లుడు. చూపు లేనివాళ్ళు ఎవరి తోడూ లేకుండా వచ్చేలా, గేటు నుంచి సీటు దాకా దారంతా మాటల్లో రాసి వెబ్‌సైటులో పెట్టింది అతనే. ఫోను ఆ పేజీని చదివి వినిపిస్తుంది. దాన్ని నమ్మి వచ్చిన మొట్టమొదటి మనిషి సింహాసనం ఎక్కి కూర్చుంది.

పరుగున వెళ్ళాడు. "సారీ అండీ. మీరు ఎడమ తలుపులోంచి రావాలి."

"ఎడమ తలుపులోంచే వచ్చాను."

"కాదండీ, ఎడమ తలుపంటే అదిగో..."

"అదిగో అంటే నాకెలా తెలుస్తుంది?"

అతను నాలుక కరుచుకున్నాడు.

"నేను లాయర్ని," అంది ఆమె సింహాసనం మీద సర్దుకుని. "ఒక్క ప్రశ్న అడుగుతాను, సూటిగా చెప్పండి. ఎడమ అంటే ఎవరి ఎడమ?"

అప్పుడు తట్టింది అతనికి. చిన్నప్పటి నుంచి మామయ్య వెంట స్టేజీ మీదే పెరిగినవాడు. స్టేజీ వాళ్ళకు ఎడమంటే జనం వైపు తిరిగి నిలబడిన నటుడి ఎడమ. లోపలికి వచ్చే ప్రేక్షకులకు అది కుడి. పేజీ మొత్తం తలకిందులుగా రాశాడు.

"మా ఎడమండీ," అన్నాడు నీళ్ళు నములుతూ.

"టికెట్ కొనేది మేము, ఎడమ మాత్రం మీదా? బాగుంది."

అసలు సంగతి అప్పుడు చెప్పింది. కోర్టుకు ఒక్కతే వెళ్ళి వస్తుంది కానీ, కొత్త చోటంటే ఇంట్లో ఒప్పుకోరు. ప్రతి నాటకానికీ అన్నయ్య తీసుకొస్తాడు, లైట్లు ఆరగానే గురక పెడతాడు. శుక్రవారం మొదటి షోకి ఒక్కతే వచ్చి సీట్లో కూర్చుంటానని అన్నయ్యతో పందెం కాసింది. ముందే దారి చూసుకుందామని ఇవాళ వచ్చింది.

"గెలిస్తే ఇక ఎక్కడికైనా ఒక్కదాన్నే. ఓడితే జన్మంతా ఆ గురకే." నవ్వుతూనే అంది కానీ, కర్ర పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

ఆ వేళ్ళను చూశాక అతనికి తన పేజీ అంటేనే సిగ్గేసింది.

మర్నాటి నుంచి కోర్టు అవగానే ఆమె వచ్చేది. ఇద్దరూ కలిసి దారంతా తిరగరాశారు.

"'ఎర్ర స్తంభం దగ్గర తిరగండి.' ఎరుపు ఎలా చప్పుడు చేస్తుందండీ?"

"కొట్టేస్తున్నాను. 'తివాచీ అయిపోయి కాలికింద రాతినేల తగిలే చోట.' సరేనా?"

"ఇప్పుడు దారిలో పడ్డారు. కళ్ళు మూసుకుని నడవండి."

నడిచాడు. కాఫీ కౌంటరుకు మోకాలు కొట్టుకుంది. ఆ కౌంటరు కూడా పేజీలోకి ఎక్కింది. దారిలో ఏదైనా తేడా వస్తే వెంటనే చెప్పడానికి ఒక బటన్ ఉండాలని ఆమె పట్టుబట్టింది. అదీ పెట్టాడు. నొక్కితే కబురు తన ఫోనుకే వస్తుంది.

గురువారం వాన పట్టుకుంది. ఇద్దరూ వసారాలో ఆగిపోయారు.

"ఈ వానని రాయండి చూద్దాం," అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు. "కుడివైపు రేకుల మీద గట్టిగా. ఎడమవైపు మొక్కల మీద మెత్తగా."

"ఎవరి ఎడమ?"

"మీ ఎడమ."

ఆమె ముఖం అటు తిప్పుకుని నవ్వుకుంది. ఆ నవ్వుతో అతని పని అయిపోయింది. ప్రేమలో పడ్డాడు, ఇందులో దాచడానికేమీ లేదు.

వెళ్తూ వెళ్తూ అంది. "రేపు నా చెయ్యి పట్టుకున్నారంటే పందెం పోయినట్టే. దారి చెప్పండి చాలు."

శుక్రవారం సాయంత్రం అతను లాబీలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఓ పక్క ఆమె అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పక్కనే వదిన.

ఆమె వచ్చింది. గేటు దాటింది. తివాచీ అయిపోగానే తిరిగింది. కాఫీ కౌంటరును తప్పించుకుంది. హాలు తలుపు దగ్గరికొచ్చేసరికి కర్ర టక్కున తగిలింది.

మామయ్య ఉత్సాహం పట్టలేక తలుపుకు అడ్డంగా పెద్ద చెక్క బోర్డు పెట్టించాడు. 'అందరికీ స్వాగతం' అట. పానకంలో పుడక.

ఆమె ఆగిపోయింది. వెనక జనం ఆగారు. అన్నయ్య ఒక అడుగు ముందుకేశాడు. వెబ్‌సైటబ్బాయి కాళ్ళు కూడా కదిలాయి, చెయ్యి అందించడం ఎంతసేపు?

జేబులో ఫోను మోగింది. ఆమె కబురు. 'తలుపు దగ్గర ఏదో అడ్డంగా ఉంది. పేజీలో లేదు.'

అతను ఆగిపోయాడు. గబగబా పేజీలో ఒక వాక్యం చేర్చాడు. 'ఇవాళ తలుపు ముందు మా మామయ్య బోర్డు ఉంది. మీ కుడిపక్క నుంచి రండి.'

"అయ్యో, తీయించేస్తానురా," అంటూ మామయ్య పరిగెత్తబోయాడు.

"వద్దు మామయ్యా. ఇప్పుడు తీస్తే పేజీ తప్పవుతుంది."

ఆమె ఫోను తాకింది. విన్నది. పకపకా నవ్వి, కుడిపక్కగా తిరిగి, లోపలికి నడిచి, ఎఫ్ వరసలో తన సీట్లో కూర్చుంది.

అన్నయ్య వెనకే వచ్చాడు. "ఓడిపోయానమ్మా. బోర్డు దగ్గర నేనే ఆగలేకపోయాను. ఆ అబ్బాయి ఆగాడు. ఇకమీదట నిద్ర ఇంట్లోనే పోతాలే. నాటకాలకు తోడు కావాలంటే అతన్నే..."

"చాల్లెండి, పదండి," అని వదిన ఆయన చొక్కా పట్టి లాక్కెళ్ళింది.

వెబ్‌సైటబ్బాయి వరస చివర నిలబడ్డాడు. "మీ ఎడమ పక్క సీటు ఖాళీయేనా అండీ?"

"ఎవరి ఎడమ?"

"మీ ఎడమే. నాకు ఇంకో ఎడమ లేదు. మీరంటే నాకు ఇష్టం."

ఆమె ఆ సీట్లోంచి తన బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఖాళీ కాదు. నిన్ననే బుక్ చేశాను, నీ వెబ్‌సైటులోనే. కూర్చో, లైట్లు ఆర్పేస్తారు."

లైట్లు ఆరాయి. ఈసారి పందెం గొడవ లేదు కనుక ఆమే అతని చెయ్యి పట్టుకుంది. స్టేజీ మీద రాజుగారు ఏ ఆటంకం లేకుండా తన కడసారి మాట పూర్తిగా చెప్పారు. ఎఫ్ వరసలో ఇద్దరు మాత్రం అది వినలేదు.