డాబా మీద నీలం డ్రమ్ము

పాలవాడు ఇంకా రాకముందే చిన్నమ్మలు బిందె నిండా నీళ్ళు పట్టి, చెంగు నడుముకి దోపి, చెప్పులు కిందే విడిచి మేడ మెట్లు ఎక్కింది. చప్పుడు కాకూడదు. మొగుడు లేవకూడదు, పక్కింటి ఆడపడుచు చూడకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, మేడ గదిలో ఉన్న కూతురికి తెలియకూడదు. సొంత ఇంట్లో, సొంత కుళాయి నీళ్ళు, కన్న బిడ్డకి పోయడానికి ఇంత దొంగతనం చేయాల్సి వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

గది కిటికీ పక్కన నీలం డ్రమ్ము ఉంది. దాంట్లోంచి సన్నటి గొట్టాలు రెండు లోపలికి వెళ్తాయి. చిన్నమ్మలు మూత జరిపి, శబ్దం రాకుండా డ్రమ్ము గోడ వెంబడే నీళ్ళు ఒంపింది. నాలుగు రోజుల నుంచీ ఇదే పని. మూత సర్ది, తడి మరకలు చెంగుతో తుడిచి, కిందకి దిగాక గానీ ఆవిడకి ఊపిరాడలేదు.

ఆ గదిలో సాయిదుర్గ అంగారక గ్రహం మీద ఉంది.

వినేవాళ్ళకి నవ్వొస్తే రావచ్చు. ముమ్మిడివరంలో సగం మంది నవ్వారు కూడా. ఆ పిల్ల మాత్రం నవ్వులాటకి చేయడం లేదు. వ్యవసాయంలో ఎమ్మెస్సీ చదివింది. లడఖ్‌లో రాళ్ళూ ఇసుకా తప్ప ఏమీ లేని చోట, రేపు అంగారకుడి మీద మనుషులు ఎలా బతకాలో చూడటానికి ఒక ఇల్లు కట్టారు. నలుగురు అందులో నెలల తరబడి ఉండాలి. గుమ్మం దాటితే అంతరిక్షపు దుస్తులు తొడుక్కోవాలి, ఎండబెట్టిన తిండే తినాలి, వాడిన నీళ్ళనే శుభ్రం చేసి మళ్ళీ వాడాలి. ఆ నలుగురిలో ఆఖరి చోటుకి ఇద్దరు మిగిలారు. వాళ్ళలో దుర్గ ఒకతె. ఎవరింట్లో వాళ్ళు రెండు వారాలు ఒక గదిలో అలాగే బతికి చూపించాలి, అదే చివరి పరీక్ష.

ఇంట్లో వాళ్ళకీ నియమాలున్నాయి. తలుపు తట్టకూడదు, కిటికీలోంచి పలకరించకూడదు. మాటంతా ఫోన్లోనే, అది కూడా రికార్డు చేసి పంపాలి. పంపిన మాట ఇరవై నిమిషాలు ఆగి మరీ అవతలి ఫోన్లో పలుకుతుంది. నిజంగా అంగారకుడి మీదుంటే అంత ఆలస్యం అవుతుందట. మధ్యలో ఉన్నది ఒక్క తలుపు, ఆ తలుపు దాటడానికి మాటకి ఇరవై నిమిషాలు. చిన్నమ్మలుకి ఇది మింగుడుపడలేదు. అవతలి మనిషి అవునన్నట్టు ఆయ్ అనకుండా రెండు మాటలు వరసగా మాట్లాడటం గోదావరి మనుషులకి చేతకాని పని.

మాణిక్యాలరావు కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. రొయ్యల చెరువు కాపలా నుంచి వచ్చి కునుకు తీసి లేచిన మొహం. ఫోన్ మోగగానే స్పీకరు నొక్కాడు.

"నాన్నా, అమ్మా, ఓ మాట చెప్పనా." దుర్గ గొంతులో సంతోషం దాగడం లేదు. "నా వడపోత పనిచేస్తోంది. నేననుకున్నదానికన్నా బాగా పనిచేస్తోంది. మొహం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, అన్నీ కొబ్బరిపొట్టులోంచి దిగి మళ్ళీ డ్రమ్ములోకి వెళ్తున్నాయా, డ్రమ్ములో నీళ్ళు తగ్గడమే లేదు. మన కొబ్బరిపొట్టు నాన్నా, మనం పొయ్యిలో పెట్టే పొట్టు. రాత్రి నిద్రే పట్టలేదు నాకు. లెక్కలన్నీ హేమంత్ సార్‌కి పంపేను."

మాణిక్యాలరావు మొహం వెలిగిపోయింది. చిన్నమ్మలు చేతిలో ఉన్న పాలగిన్నె మాత్రం అక్కడికక్కడే ఆగిపోయింది. పిల్ల దాహానికి ఉంటాయని పోసింది గానీ, ఆ నీళ్ళు ఇలా అడ్డం తిరుగుతాయని ఆవిడకేం తెలుసు?

"ఏరా తమ్ముడూ, ఏమంటోంది నా మేనకోడలు?" సుందరమ్మ పిట్టగోడ మీదుగా తల పెట్టింది. "కుజదోషం ఉంటే శాంతి చేయించడం చూసేను గానీ, ఏకంగా కుజుడింటికే కాపురానికి పోతానన్న పిల్లని ఇప్పుడే చూస్తున్నాను. దీనికి పెళ్ళి కుదరాలని మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం మొక్కుకున్నాను. అది బయటికొస్తే కదా."

"వస్తుందిలే అక్కా. వచ్చి ఈసారి లడఖ్ పోద్ది. నీళ్ళు తగ్గడం లేదంట, విన్నావా?"

"వినకేం. ఏమ్మా చిన్నమ్మలూ, నీకు సంతోషంగా లేదా? మొహం అలా పెట్టేవేంటి?"

"లేకేం వదినా," అని చిన్నమ్మలు లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ అలా వెళ్ళిపోతే ఏదో ఉందని సుందరమ్మకి తెలియకపోదు. సుందరమ్మ కళ్ళు మామూలు కళ్ళు కావు, మూడిళ్ళ అవతల ఏం కూర వండారో చెప్పగలవు.

మధ్యాహ్నం భోజనాల వేళకి హేమంత్ దగ్గర్నుంచి కబురు వచ్చింది. బెంగుళూరులో ఆ పరీక్షలు చూసే మనిషి అతను. ఇంటి తరఫున మాణిక్యాలరావు పేరు రాయించుకున్నారు కాబట్టి, అంతకు గంట ముందు దుర్గకి పంపిన కబురే ఆయనకీ పంపాడు. ఆయన కంచం పక్కకి జరిపి పైకి చదివాడు.

"ఇంత నీరు తిరిగి రావడం సాధ్యం కాదు. కొంత చెమటగా పోతుంది, కొంత గదిలో పెంచే మొక్కలు తాగుతాయి. డ్రమ్ములోకి బయటి నీళ్ళు చేరుతున్నాయి. సాయంత్రంలోగా కారణం తెలియకపోతే సాయిదుర్గ గారి పేరు తీసేస్తాం."

తర్వాత ఫోన్లో దుర్గ పలికింది. పొద్దున్న విన్న గొంతు కాదది.

"నాన్నా, వడపోత మొత్తం విప్పేసి చూసేను. ఎక్కడా తప్పు లేదు. డ్రమ్ము ఎవరైనా ముట్టుకున్నారా? గది చాలదని డాబా మీద పెట్టించింది నేనే. మనింట్లో ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాను. సార్ నన్ను దొంగ అనుకుంటున్నారు నాన్నా."

మాణిక్యాలరావు పెళ్ళాం వైపు చూశాడు. అడగనక్కర్లేకపోయింది.

"నువ్వేనా?"

"ఆయ్. నేనేనండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజు గ్లాసు మీద గీత పెట్టుకుని తాగుతున్నానని చెప్పింది కదండి. ఆ మర్నాటి నుంచీ."

"నీకేమన్నా మతి పోయిందా? దాని ఏళ్ళ కష్టం బిందెలో ముంచేశావు కదే."

"నా బిడ్డ నీళ్ళు కొలుచుకుని తాగుతుంటే చూస్తూ కూచోమంటారా? చుట్టూ కాలవలండి. వానొస్తే మనింట్లోకే నీళ్ళొస్తాయి. అది దాహంతో ఉండాలా? పోతే పోయిందండి ఆ లడఖ్. ఇంటిపట్టున ఉంటుంది."

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆవిడకే తెలియలేదు, తన మనసులో అంత మాట ఉందని. మాణిక్యాలరావు చెయ్యి కడుక్కుని వచ్చి, గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. మొన్న సాయంత్రం వాన పడింది కదా. మూత జరిగి వాన నీళ్ళు పడ్డాయని పంపేస్తాను. పిల్ల పేరు నిలబడద్ది, నీ పరువూ నిలబడద్ది."

"వానా?" గుమ్మంలోంచి సుందరమ్మ అంది. ఎప్పుడొచ్చిందో ఏమో. "నాలుగు చినుకులకి డ్రమ్ము నిండిపోయిందా తమ్ముడూ? ఆ చదువుకున్నవాళ్ళు అంత వెర్రివాళ్ళా? రోజూ తెల్లారి బిందె మెట్లెక్కడం నేను చూస్తూనే ఉన్నాను. తల్లి కదా అని నోరు మూసుకున్నాను."

చిన్నమ్మలు ఇద్దరినీ చూసింది. వాన అబద్ధం నమ్మితే కూతురు అబద్ధంతో లడఖ్ వెళ్తుంది. నమ్మకపోతే దొంగ అన్న పేరుతో ఇంట్లో కూర్చుంటుంది. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, ఏ మాటా లేకుండా సాయంత్రం అయిపోతుంది, పిల్ల తనకి దక్కుతుంది. ఒక్క క్షణం ఆవిడకి ఆ ఆశ కలిగింది. కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఫోనిలా ఇవ్వండి," అంది.

మేడెక్కి, తలుపు తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ ఇంట్లో ఆవిడ మొదటిసారి నియమం పాటించింది. పై మెట్టు మీద కూర్చుని మీట నొక్కింది.

"దుర్గా, అమ్మని. డ్రమ్ములో నీళ్ళు నేనే పోసేను. రోజూ ఓ బిందెడు. నీ వడపోతని నేనే పాడుచేసేను. వాన నీళ్ళు పడ్డాయని చెబుదామంటున్నారు మీ నాన్న." ఆయ్ కోసం ఆగింది. రాదని గుర్తొచ్చి మళ్ళీ మొదలెట్టింది. "కువైట్‌లో నేను పనికి కుదిరిన మొదటి ఇంటి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకీ చెప్పలేదు. వంటింటి వెనకాల గదిలో ఉంచేరు. వాళ్ళు బయటికెళ్తే తాళం వేసుకుని పోయేవారు. ఎడారి ఎండ. ఆ ఇంటావిడ సీసా మీద గీత పెట్టి నీళ్ళిచ్చేది. గీత దాటి తాగితే సాయంత్రానికి తెలిసిపోయేది. ఒకసారి ఆ గీత చెరిపేసి, నేనే కిందకి ఇంకో గీత గీసేను, చిన్నపిల్లలాగ. దొరికిపోయేను."

మళ్ళీ ఆగింది. మెట్ల కింద మాణిక్యాలరావు నిలబడి వింటున్నాడని ఆవిడ చూడలేదు.

"వారానికోసారి ఫోన్ చేస్తే నువ్వు అన్నిటికీ ఆయ్ అనేదానివి. అన్నం తిన్నావా అంటే ఆయ్, బడికెళ్ళేవా అంటే ఆయ్. ఆ ఆయ్ విని నేను ఇంకో వారం బతికేదాన్ని. ఆ సంపాదనతో వేసిందే ఈ గది. నా కూతురికి ఈ ఖర్మ పట్టకూడదని వేసేను. నువ్వేమో దాంట్లోకెళ్ళి తలుపేసుకుని, గ్లాసు మీద గీత పెట్టుకున్నావు. నా వల్ల కాలేదమ్మా. తప్పు నాదే."

మీట వదిలి కూర్చుంది. తలుపు అవతల గిన్నెల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. ఆ పిల్ల ఇంకా ఏమీ వినలేదు. ఇంత దగ్గరగా ఉండి, చెప్పిన మాట ఇంకా దారిలోనే ఉందంటే చిన్నమ్మలుకి వింతగా అనిపించింది. కొబ్బరాకుల నీడ మెట్టు మీద నుంచి ఆవిడ పాదాల మీదకి వచ్చింది.

తర్వాత లోపల తన గొంతే వినిపించింది. చివరి దాకా పలికి ఆగిపోయింది. కాసేపటికి ఏడుపు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగని ఏడుపు. చిన్నమ్మలు లేచి నిలబడింది. ఒక్క అరచేతితో తలుపు మీద కొడితే చాలు, ఆ పిల్ల బయటికొస్తుంది. ఆవిడ మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చుంది. కన్న బిడ్డ ఏడుపు వింటూ తలుపు తట్టకుండా కూర్చోవడం కన్నా కష్టమైన పని ఆవిడ కువైట్‌లో కూడా చేయలేదు.

జవాబు వచ్చేసరికి ఆవిడ కళ్ళలో తడి ఆరిపోయింది.

"అమ్మా," అంది దుర్గ. ముక్కు ఎగపీల్చుకుంది. "ముందు నిన్ను తిడదామనుకున్నాను. పొద్దున్న ఎంత ఎగిరేనో నీకు తెలీదు. లోకంలో ఎవరూ చెయ్యనిది చేసేననుకున్నాను. అదంతా నీ బిందె నీళ్ళా అని ఏడుపొచ్చింది. కానీ అమ్మా, నిన్ను పెట్టిన గదికి తాళం బయటుండేది. ఈ గదికి గడియ లోపలుంది. నేనే పెట్టుకున్నాను, నాకు వద్దనిపించిన నిమిషంలో నేనే తీసుకోగలను. గ్లాసు మీద గీత కూడా నేనే గీసుకున్నాను. ఆ తేడా ఒక్కటి చూడమ్మా. నాన్నని వానా గీనా అని చెప్పనివ్వకు. ఉన్నదున్నట్టు చెప్తాను. పేరు పోతే పోతుంది."

"నువ్వు చెప్పక్కర్లేదు," అంది చిన్నమ్మలు తలుపుతో. వెంటనే నాలుక కరుచుకుని, హేమంత్ నంబరుకి మీట నొక్కింది.

"బాబూ, నేను సాయిదుర్గ తల్లినండి. డ్రమ్ములో నీళ్ళు నేనే పోసేనండి. పిల్లకి తెలీదండి. మీరు దొంగని పట్టుకోవాలంటే నన్ను పట్టుకోండి. దాని పేరు తియ్యకండి. మళ్ళీ మొదట్నించీ చేయించండి. ఈసారి ఆ డ్రమ్ముకి కాపలా నేనుంటానండి. నేను కాపలా ఉన్నాక ఇంకెవరూ ముట్టుకోలేరు, ఎందుకంటే ముట్టుకునేదాన్ని నేనొక్కదాన్నే కదండి."

పొద్దు వాలుతుండగా జవాబు వచ్చింది. ఈ ఐదు రోజులూ రద్దు. గడువు ఇంకా ఉంది కాబట్టి మొదటి రోజు నుంచి మళ్ళీ చేయవచ్చు. ఇంకోసారి తేడా వస్తే మూడో అవకాశం లేదు. బిందె నీళ్ళు తీసేసి లెక్క కడితే వడపోత సగం నీళ్ళే తిరిగి ఇస్తోందనీ, అది కూడా తీసిపారేసేది కాదనీ చివర్లో రాశాడు.

గడియ తీసిన చప్పుడైంది. దుర్గ గుమ్మంలో నిలబడింది, జుట్టు రేగి, కళ్ళు ఉబ్బి. చిన్నమ్మలు కూతురి తల రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

"సగమేనంటమ్మా," అంది దుర్గ ఆవిడ భుజం మీద.

"మిగతా సగం చూసుకుందువుగాని. ముందు తలంటుకుందువుగాని రా. ఈ ఒక్క రాత్రికీ కొలతలేమీ లేవు."

కింద మాణిక్యాలరావు చాలాసేపు తచ్చాడి, భార్యకి ఒక గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న చిన్నమ్మలు అందరూ చూస్తుండగా బిందెతో మెట్లెక్కింది. దుర్గ గుర్తు పెట్టిన దాకా డ్రమ్ము నింపి, మూత వేసి, కొబ్బరితాడుతో అడ్డంగా నిలువుగా బిగించి కట్టింది.

"గట్టిగా కట్టు చిన్నమ్మలూ," అంది సుందరమ్మ తన డాబా మీద నుంచి. "దొంగకి ముడులు విప్పడం కూడా వచ్చు."

"మీ కళ్ళున్నాయి కదా వదినా. చూస్తూనే ఉండండి."

"చూడకేం. మురమళ్ళ స్వామికి కూడా చెప్పేను, కల్యాణం లడఖ్ నుంచి వచ్చాకేనని."

దుర్గ నవ్వి, తల్లి చెయ్యి ఒకసారి నొక్కి, లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు చిన్నమ్మలు శ్రద్ధగా విన్నది. లోపలి వైపే పడింది. కిందకి దిగి పొయ్యి వెలిగించి, బియ్యం కడిగి, ఎసట్లో పోసింది.

ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ పలికింది.

"అమ్మా, కిటికీలోంచి కనిపిస్తోంది. బిందె డ్రమ్ము పక్కనే వదిలేశావు. కిందకి తీసుకెళ్ళిపోమ్మా, నాకు భయంగా ఉంది."

చిన్నమ్మలుకి నవ్వొచ్చింది, దాని వెనకాలే కన్నీళ్ళొచ్చాయి. తడి చేతులు చెంగుకి తుడుచుకుని మీట నొక్కి, ఇరవై నిమిషాలకి గానీ చేరని ఆ ఒక్క మాటా పంపింది.

"ఆయ్."

తర్వాత మేడెక్కి, ఖాళీ బిందె చంకనెత్తుకుని కిందకి దిగింది.