అమరిల్లిస్‌కు పెట్టిన ఎసరు

"మెడ దాకా మట్టి పొయ్యకు. నీళ్ళు ఎక్కువ పోస్తే కుళ్ళిపోతుంది. వారానికోసారి కుండీ తిప్పు, లేకపోతే ఎండవైపు వాలిపోతుంది," అంటూ ఎదురింటి నర్సు మట్టికుండీ తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

కుండీలో పెద్ద ఉల్లిపాయ లాంటి దుంప సగం మట్టిలో, సగం బయట ఉంది. దాని నెత్తిన బెల్టుల్లాంటి పచ్చటి ఆకులు అటూ ఇటూ వాలి ఉన్నాయి.

"ఏంటిది?"

"అమరిల్లిస్. మూడు నెలలు ట్రైనింగ్‌కు వెళ్తున్నాను. నేనొచ్చేదాకా నువ్వే చూడాలి. మా కిటికీకి ఎండ రాదు. మా మేనత్తకేమో మొక్కలంటే పడదు."

"ఇన్ని జాగ్రత్తలు చెప్తున్నావు. ఎక్కడ కొన్నావేంటి?"

"కొనలేదు. ఫిజియో ఇచ్చాడు. వాళ్ళమ్మగారు ఇంట్లో పెంచుతారట."

ఆ మాటకు కుండీ ఒక్కసారిగా బరువెక్కినట్టనిపించింది అతనికి. ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు అతగాడు. ఆరడుగుల మనిషి. అతను నవ్వితే చాలు, మంచం పట్టినవాళ్ళు లేచి నడుస్తారని నర్సులు చెప్పుకుంటారు. తనేమో కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. ఎదురెదురు తలుపులు కావడంతో ఆమెతో చనువైతే బాగానే ఏర్పడింది. అసలు మాట మాత్రం నాలుక చివరిదాకా వచ్చి, ప్రతిసారీ వెనక్కి పోయేది.

"ఊరికే ఇచ్చాడా?"

లోపల ఉన్న మేనత్తకు వినపడకుండా ఆమె గొంతు తగ్గించింది. "పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఇది పూసేలోపు ఆలోచించుకో అన్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమీ అన్లేదు. కుండీ పుచ్చుకున్నాను." అతని ముఖంలోకి కాసేపు చూసింది. "ఏమనమంటావు?"

"నాకేం తెలుసు? నీ ఇష్టం."

"అంతేనా?"

"అంతే."

"సరే అయితే. నీళ్ళు మర్చిపోకు," అని ఆమె పెట్టె సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

మొదట్లో బుద్ధిగానే చూసుకున్నాడు. కానీ షాపు నుంచి వచ్చి తలుపు తియ్యగానే ఎదురుగా కిటికీలో ఆ కుండీ. ఆ ఆకులు బారుగా సాగుతుంటే ఫిజియోయే తన గదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుండేది.

ఒకరోజు ఆమె ఫోన్ చేసి, "దుంప ఎలా ఉంది?" అని అడిగింది. ఇతనెలా ఉన్నాడని అడగలేదు.

"బానే ఉంది. ఫిజియో ఫోన్ చేస్తున్నాడా?"

"చేస్తుంటాడు. మంచివాడు. దానికి కాస్త ఎరువు వెయ్యమన్నాడు."

ఇతను వేసిన ఎరువు ఏమిటంటే, కుండీని అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, మంచం కిందికి తోసెయ్యడం. చంపుతున్నానని అనుకోలేదు. నీళ్ళు పొయ్యడం మానేశాను, అంతేగా అని సర్దిచెప్పుకున్నాడు. ఆమె మొక్క ఫోటో పంపమన్నప్పుడల్లా అంతకుముందు తీసినవే పంపాడు.

ఆమె తిరిగొచ్చే వారం దగ్గరపడ్డాక పెట్టె బయటికి లాగాడు. ఆకులు ఎండి కాగితాల్లా చేతికొచ్చాయి. దుంప పొర ముడతలు పడింది. గబగబా నీళ్ళు పోసి, కిటికీలో పెట్టి, పొద్దున లేవగానే దాని ముందు నేరస్తుడిలా నిలబడేవాడు.

వచ్చీ రాగానే ఆమె బ్యాగు కూడా దించకుండా అడిగింది. "ఏదీ నా దుంప?"

తిట్లు తినడానికి సిద్ధపడి చూపించాడు. ఆమె వంగి చూసి, వేలితో దుంప మెడ తడిమింది. అక్కడ చిలకముక్కంత పచ్చటి మొన ఒకటి పొడుచుకొచ్చి ఉంది.

"మొగ్గ," అందామె నమ్మలేనట్టు.

ఫోటో తీసి ఫిజియోకు పంపింది. అతను వాళ్ళమ్మకు చూపించాడు. జవాబు వచ్చేసరికి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఆకులు బాగా పెరిగాక నీళ్ళు ఆపేసి, కొన్నాళ్ళు చీకట్లో పడుకోబెట్టాలట. అప్పుడే పూస్తుందట. ఇదెవరో తెలిసినవాళ్ళ చెయ్యి అంటున్నారావిడ. నీకెవరు చెప్పారు?"

"ఎక్కడో... చదివాను," అన్నాడు నీళ్ళు నములుతూ.

తన గోతిని తనే తవ్వుకున్నట్టయింది అతనికి. కాడ రోజురోజుకీ లేస్తోంది. నిలబెట్టడానికి ఆమె పుల్ల పాతి దారం కట్టింది. అతని కిటికీ దగ్గరే నిలబడి "ఇంకెన్నాళ్ళో" అంటుంటే, ఎవరి కోసమా ఆత్రం అని లోపల కుతకుత ఉడికిపోయేవాడు.

మొగ్గ ఎర్రబారిన సాయంత్రం, వాన జోరుగా పడుతుండగా, ఫిజియో స్వయంగా చూడ్డానికి వచ్చాడు. ఇతని భుజం మీద ఇంత పెద్ద చెయ్యి వేశాడు.

"థాంక్స్ బ్రదర్. మా అమ్మకే ఒక్కోసారి పూయదు. మీ చెయ్యి చాలా మంచిది," అన్నాడు. తర్వాత నర్సు వైపు తిరిగి మెల్లగా, "రేపో ఎల్లుండో విచ్చుకుంటుంది," అన్నాడు.

ఆమె ఫిజియోను గొడుగుతో కిందిదాకా దిగబెట్టి వచ్చింది. ఇద్దరూ ఒకే గొడుగులో వెళ్ళడం కిటికీలోంచి చూశాక ఇతనికి మాట ఆగలేదు.

"దాన్ని నేను పూయించలేదు. చంపుదామనుకున్నాను."

"ఏంటి?"

"మంచం కింద పడేశాను. పూస్తే నువ్వతనికి జవాబు చెప్పాలిగా."

"నేను అడిగినప్పుడు నీ ఇష్టం అన్నావు," అందామె. "చెప్పడానికి నోరు రాలేదు గానీ, చంపడానికి చెయ్యొచ్చిందా? పైగా నాకు పాత ఫోటోలు పంపావు."

కుండీ తీసుకుని వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడంతా ఆ తలుపు తెరుచుకోలేదు. షాపులో రెండు అద్దాలు పగలగొట్టి యజమాని చేత చివాట్లు తిన్నాడు. ఆ మర్నాడు ఇక ఉండబట్టలేక వెళ్ళి తట్టాడు. మోకాలు పట్టుకుంటూ మేనత్త తలుపు తీసింది. లోపల బల్ల మీద నాలుగు ఎర్రటి పువ్వులు నాలుగు దిక్కులకూ విచ్చుకుని ఉన్నాయి. పక్కన ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది.

మేనత్త వింటోందని తెలిసినా ఆగలేదు. "నువ్వంటే నాకిష్టం. ఎప్పట్నుంచో. అతనికి ఒప్పుకోవద్దు. నన్ను చేసుకుంటావా?"

"అతనికి నిన్నే ఫోన్ చేసి కుదరదని చెప్పేశాను."

"ఎందుకు?"

"ఎదురింట్లో ఒక దద్దమ్మ ఉన్నాడు, వాడు నోరు తెరిచేదాకా ఆగాలనుకుంటున్నాను అన్నాను."

మేనత్త నిట్టూర్చి కుర్చీలో కూలబడింది. "మీ అమ్మానాన్నల్ని తీసుకురా అబ్బాయ్. వీళ్ళ నాన్నతో నేను మాట్లాడతాను. ఇది అలిగితే రెండడుగుల్లో నా ఇంట్లో ఉంటుంది, నాకదే హాయి. ఒక్కటి మాత్రం చెప్తున్నా, పిల్లలు పుట్టాక మంచం కింద పెట్టకు."

ఫిజియో నిజంగానే మంచివాడు. మనసులో ఏమనుకున్నాడో గానీ, మేనత్త మోకాలికి వ్యాయామం చేయిస్తానని అంతకుముందు ఇచ్చిన మాట తప్పలేదు. నిశ్చితార్థం అయ్యాక కూడా వస్తున్నాడు. ఓ ఆదివారం అతనేదో జోకు వేస్తే నర్సు పడీపడీ నవ్వింది. గుమ్మంలో కూర్చున్న కాబోయే మొగుడి ముఖం మాడిపోయింది.

ఆమె టీ కప్పు అందిస్తూ చెవి దగ్గర అడిగింది. "ఇంకా మండుతోందా?"

"కొంచెం."

"పోనీ, ఆ కొంచెం ఉండనీ," అంది. అని, అతని పక్కనే గుమ్మంలో కూర్చుంది.