ఖాళీ రోడ్డు మీద నూట పద్దెనిమిది

పొద్దుటి నుంచి పట్టుకున్నవి పదకొండు కేసులు. పన్నెండోది పడితే ఇంటికి పోవచ్చు. ట్రాఫిక్‌లో చేరి నెల తిరగని ఆ కానిస్టేబుల్‌ని స్టేషన్లో అందరూ లెక్కలోడు అంటారు. బండి కనపడగానే వేగం నోటితో చెప్పి, ఆ తర్వాతే స్పీడ్ గన్ ఎత్తుతాడు. ఒకటీ అరా తేడా, అంతే.

మలుపు దగ్గర నలభై దాటకూడదని బోర్డు. సన్నటి తుంపర. తడిసిన తారు వాసన. పొద్దుగూకుతోంది. రోడ్డు మీద పురుగు లేదు.

ఊరికే గన్ ఎత్తాడు. అది కీచుమంది. నూట పద్దెనిమిది.

కళ్ళు నులుముకుని చూశాడు. ఖాళీ రోడ్డు.

"తుడిచెయ్ రా," జీపులోంచి హెడ్ కానిస్టేబుల్ అన్నాడు. "ఆ మలుపులో అప్పుడప్పుడూ అంతే. బండి లేని వేగానికి ఏ బండి నంబరూ ఇవ్వకూడదు."

"ఇస్తే ఏమవుతుంది సార్?"

"ఇచ్చినవాడు చెప్పడానికి మిగిలితేగా!"

హెడ్డు టోపీ మొహం మీదికి లాక్కుని కునుకు తీశాడు. లెక్కలోడికి మాత్రం నోటిదాకా వచ్చిన ముద్ద వదలబుద్ధి కాలేదు. ఎవరో అమాయకుడి నంబరు కొడితే పాపం. తన బైకు నంబరే కొట్టేస్తే? జరిమానా తనే కట్టుకుంటాడు, పీడా పోతుంది. ఆ బైకు మీద భార్య తనని తీసుకెళ్ళడానికి ఈపాటికి బయల్దేరే ఉంటుంది.

కొట్టాడు. చలానా మిషను ఒప్పుకుంది.

ఎక్కడో అరుస్తున్న కప్పలు... ఒక్కసారిగా ఆగిపోయాయి.

మలుపులో దీపం. తన బైకే. భార్య ఎప్పుడూ ముప్పై వేగం దాటని మనిషి. 'మీ ఆవిడ వెనకాల చీమలు హారన్ కొడతాయి' అని హెడ్డు ఎగతాళి. అది గుర్తొచ్చి, నవ్వుతూ గన్ ఎత్తాడు.

నూట పద్దెనిమిది.

బైకు నత్తలా వస్తోంది. అంకె కదల్లేదు.

ఆమె వచ్చి ఆగింది. ఇంజను ఆపింది. "ఎక్కండి, తడిసి ముద్దయ్యారు."

"దారిలో... ఎక్కడైనా ఆగావా?"

"మలుపు దగ్గర ఒకాయన చెయ్యెత్తాడు. మీరే రమ్మన్నారట. మన బండి నంబరు కూడా చెప్పాడు. మీ డిపార్ట్‌మెంటే కదా అని ఎక్కించుకున్నా."

"ఎక్కడ దిగాడు?"

"దిగడమేంటండీ..." ఆమె వెనక్కి తిరగబోయింది. తిరగలేకపోయింది.

వెనక ఎవరూ లేరు. ట్యాంకు మీద వాన చుక్కలు. హ్యాండిల్ మీద వాన చుక్కలు. వెనక సీటు మాత్రం పొడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా...

"దిగు," గుసగుసగా అన్నాడు. "మెల్లగా దిగు."

"దిగలేకపోతున్నానండీ." ఆమె తన నడుం వైపు చూసుకుంది. "నడుం పట్టుకున్నాడు."

ఆపిన ఇంజను దానంతటదే గుర్రుమంది. జీపులోంచి హెడ్డు ఏదో అరిచాడు. లెక్కలోడికి వినపడలేదు. ఆమెను ఒంటరిగా పోనివ్వలేడు. వెనక కమ్మీ గట్టిగా పట్టుకుని, సీటు మీదికి కాలెత్తాడు.

ఎవరో జరిగి చోటిచ్చినట్టు, సీటు కింద స్ప్రింగు కిర్రుమంది.